పసుపు కింద ఊడిన రంగు

ఎవరైనా నన్ను పుణ్యాత్మురాలివి తల్లీ అంటే నా ముక్కుకు బ్రేకు ఆయిలు వాసన తగులుతుంది. ఏళ్ళ తరబడి ఇంతే. ఈ బరువు సంగతి నా భర్తకు తెలియదు, నా బిడ్డలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయన రేణిగుంటలో ఒక పాత చైను డోజరు కొనుక్కొచ్చి, మామిడి తోటల కోసం మిట్టలు చదును చేసే పని పెట్టుకున్నాడు. దానికి టైర్లుండవు. ఇనప చైన్ల మీద పాకుతుంది. ముందు పెద్ద ఇనప బ్లేడు. ఆ బ్లేడును లేపేదీ, లేపినచోట నిలబెట్టేదీ లోపల తిరిగే హైడ్రాలిక్ ఆయిలే. మేము బండి నూనె అనేవాళ్ళం. అంత పాత బండికి ఏ నూనె సరిపడుతుందో తెలుసుకోవడానికి మా ఆయన చిత్తూరంతా తిరిగి, మెకానిక్కులను అడిగి వచ్చాడు.

"ఇదొక్కటే పొయ్యాల. బ్రేకు ఆయిలు పడిందంటే రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. బ్లేడు నిలవదు" అని నాకు చెప్పి, నూనెల గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

నేను బడికి పోలేదు. మా నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. అలాంటి నన్ను నమ్మి ఒక గది అప్పజెప్పారని స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

గదిలో రెండు డబ్బాలు ఒకే తీరుగా ఉండేవి. మా జీపుకు వాడే బ్రేకు ఆయిలు డబ్బా మీద మా ఆయన సున్నంతో బొట్టు పెట్టాడు. బొట్టు లేనిది బండి నూనె. అంతే గుర్తు.

ఆయుధ పూజ వచ్చింది. మగవాళ్ళు బండిని కడిగారు. నేను డబ్బాలను కడిగాను. మనకు కూడు పెట్టేవి కదా అని, బిడ్డకు తలంటినట్టు ఒక్కోదాన్నీ రుద్ది, పసుపు పూసి కుంకుమ పెట్టాను. సున్నం బొట్టు నీళ్ళలో కొట్టుకుపోయింది. అప్పుడు నాకు తోచనే లేదు.

మరుసటి ఉదయం మునెయ్య వచ్చాడు. బండి తోలేది అతనే. నేను కాపురానికి రాకముందు నుంచీ మా ఆయనకు తోడు. ట్యాంకులో తగ్గింది, బండి నూనె కావాలన్నాడు. గదిలోకి తొంగి చూసి నవ్వాడు.

"ఏందక్కా, డబ్బాలకి గూడా పెండ్లి చేసేసినట్టుండావే!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే నిలబడిపోయాను. రెండు పెళ్ళికూతుళ్ళు. ఏది ఏదో తెలియలేదు.

పరీక్ష నాకు తెలుసు. వేలికి రాసుకుని నీళ్ళు పోస్తే కడుక్కుపోయేది బ్రేకు ఆయిలు, జిడ్డు నిలిచేది బండి నూనె. చేయడానికెంత సేపు? కానీ మునెయ్య చూస్తున్నాడు. తాళం ఇచ్చి ఆడమనిషిని గదిలో పెడితే ఇట్లే ఉంటుందని నవ్వుతారేమోనని సిగ్గు. గోవిందా అనుకుని కుడిచేతి వైపు డబ్బా తీసి ఇచ్చాను. ఇచ్చాక, తప్పయితే స్వామి నా చెయ్యి ఆపి ఉండేవాడు కదా అనుకున్నాను. నా తెలివితక్కువతనాన్ని దేవుడి మీద పెట్టడం అక్కడే మొదలైంది.

"మూత తీసి సూడవా?" అన్నాను.

"నువ్విచ్చినాక నేను సూసేదేంది? అది నీకు మర్యాదా?" అని పట్టుకుపోయాడు.

ఇంతవరకూ పొరపాటే. ఇంతటితో ఆగి ఉంటే మీకు చెప్పాల్సిన పనే లేదు.

తరువాత ఒక సాయంత్రం బండికి అగరొత్తులు చూపించబోయాను. ట్యాంకు మూత కింద నూనె కారినచోట పసుపుపచ్చ పెయింటు ముడతలు పడి, పొరలుగా లేచి ఉంది. గోటితో తాకితే ఊడి వచ్చింది. బ్రేకు ఆయిలు పెయింటును తినేస్తుంది. మా జీపు బానెట్టు మీద అంతకుముందే చూశాను. నాకు అర్థమైంది. అవును, అప్పుడే అర్థమైంది. మునెయ్య ఇంకా పొలంలోనే ఉన్నాడు, కేక వేస్తే వినపడేంత దూరంలో. నేను లోపలికి పోయి పసుపు కలుపుకొచ్చి, ఊడినచోట మందంగా పూసి, నడుమ కుంకుమ పెట్టాను. చూసినవాళ్ళంతా నా భక్తి అనుకున్నారు.

బండి మళ్ళీ పనిలోకి దిగినప్పుడు, లేపి ఉంచిన బ్లేడు కింద చిక్కుకున్న వేర్లను మునెయ్య లాగుతుంటే అది దిగిపోయింది. అతని కుడి పాదం దాని కిందే ఉంది.

మా ఆయన బ్లేడును లేపే సిలిండర్లు విప్పి చూశాడు. సీళ్ళు నానిన అనపగింజల్లా ఉబ్బి ఉన్నాయి. "ఇన్నేండ్లు తోలినోడికి ఏ ఆయిలు పొయ్యాల్నో తెలీదా?" అని అరిచాడు. నా వైపు చూడనైనా లేదు. ఆ క్షణంలో నేను మనసులో స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. దేనికి? నన్ను అడగనందుకు.

ఆసుపత్రిలో మునెయ్యే అడిగాడు. మందుల మత్తులో ఉన్నాడు.

"అక్కా, నేను బండి నూనే గదా అడిగింది? లేకుంటే నోరు జారి బ్రేకు ఆయిలన్నానా? గ్యాపకం రాలా. నువ్వే సెప్పాల."

"బ్రేకు ఆయిలనే అడిగినావప్పా. జీపుకేమో అనుకొని ఇచ్చినాను."

"అట్నా" అన్నాడు. "అయితే నా నోరే" అని గోడవైపు తిరిగాడు.

అతని కాలు బాగుపడాలని అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్ళాను. ప్రతి మెట్టుకూ పసుపు రాశాను. మొక్కు తీర్చుకున్నానా, ఆ పెయింటునే మళ్ళీ మళ్ళీ కప్పుకున్నానా? మళ్ళీ బండి ఎక్కే కాలు కాలేదది. ఇప్పుడతను మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటాడు. వచ్చిపోయే డ్రైవర్లకు చెబుతాడట, నోరు జారితే కాలు పోతుంది అబ్బా, అడిగేముందు ఒకటికి రెండుసార్లు అనుకోండి అని. నేను కనబడితే కష్టపడి లేచి నిలబడతాడు. "నా కోసరం కొండకి నడిసి పోయినావు గదక్కా" అంటాడు. నేను కూర్చో మునెయ్యా అంటాను.

డోజరు ఇప్పుడు మా కొట్టం వెనక తుప్పు పడుతోంది. ఏటా ఆయుధ పూజకు దానికింత పసుపు పెడతాను, మొదట ఆ పెయింటు ఊడిన చోటే. ఈ ఏడు కడిగాక అంతటా పూశాను. అక్కడ మాత్రం వదిలేశాను. మా ఆయన చూశాడు.

"ఈడ మర్సిపోయినట్టుండావే."

"మర్సిపోలేదు" అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. ఈసారి అడగనందుకు నేనెవరికీ దండం పెట్టలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఈ ఒక్క మాట నా చేతిరాతలో నా కళ్ళకు కనబడాలి, చాలు.

మునెయ్య నోరు జారలేదు. అతను అడిగింది బండి నూనే.