రేవు దాకా పలికిన గొంతు

దెయ్యం పట్టిందని ఎవరినైనా క్యాజువాలిటీకి తీసుకొస్తే, ముందు ఒంట్లో షుగర్ ఎంతుందో చూడమనే మనిషిని నేను. మా అమ్మ ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నేను గోడ గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. దెయ్యాలున్నాయని ఇవాళ్టికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను, మతి పోయిందనుకుంటే అనుకోండి.

మాది రాజోలు దగ్గర. అత్యవసర వైద్యం చదివి, ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. గోదావరి మధ్యనున్న లంకల్లో పాము కరిచినవాళ్లకి, ఆసుపత్రికి చేరేలోపు దారిలో ఏం జరుగుతోందన్నది నా పరిశోధన. వంతెనలు లేని ఊళ్లు, పడవే దిక్కు. బతికి బయటపడ్డవాళ్లనీ, పోయినవాళ్ల ఇంటివాళ్లనీ కలిసి అడిగి తెలుసుకోవడమే నా పని.

ఒక లంకలో నన్ను ఇల్లిల్లూ తిప్పి చూపించింది సత్తిబాబు. కువైట్‌లో డ్రైవరుగా చేసి, తిరిగొచ్చి అరటి వేసుకున్నాడు. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త సూరమ్మగారు పెంచింది. ఏమన్నా, అవునండీ అన్నట్టు, "ఆయ్" అనేవాడు. ఎండలో నా సంచి మోస్తుంటే, "ఇలా ఇవ్వవయ్యా, నీకెందుకా బాధ" అన్నా "ఆయ్, పర్లేదండి" అనేవాడు, ఇవ్వడు. ఈ మర్యాదతో చస్తున్నాం బాబూ అని విసుక్కునేదాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అక్కడొక పద్ధతి ఉంది. పాము కరిచిన మనిషిని పడవలో పడుకోబెట్టి, ఇంటి పెద్ద ఎవరో ఒకరు దారి పొడుగునా పేరు పెట్టి పిలుస్తూ ఉంటారు. అతను పలుకుతూ ఉండాలి. పలుకు ఉన్నంతసేపూ, ఒళ్లు కుదిపితే విషం ఎక్కుతుందని, పడవని లోతు నీళ్లలో చుట్టూ తిప్పి మెల్లగా రేవుకి తీసుకెళతారు. పలుకు ఆగిందంటే మాత్రం అడ్డంగా ఇసుక మేట మీదికి తోసేసి, మనిషిని మోసుకుంటూ గట్టుకి పరిగెడతారు. అది దగ్గర దారి.

ఆ రోజు నేను వెళ్లేసరికి సత్తిబాబు అరుగు మీద వాలిపోయి ఉన్నాడు. తెల్లవారుజామున కట్లపాము కరిచిందట. నొప్పి లేదు, వాపు లేదు, అందరినీ లేపడం ఎందుకులే అని ఊరుకున్నాడు. రెప్పలు ఎత్తలేకపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. కట్లపాము విషం నరాలని చచ్చుబరుస్తుంది. మాట పోతుంది, తర్వాత ఊపిరి పోతుంది. ఊపిరి మనం అందిస్తూ ఉండగలిగితే మనిషి దక్కుతాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, మేటకి ఎదురుగా గట్టు మీద నిలబడతామన్నారు.

మిట్టమధ్యాహ్నం పడవ ఎక్కాం. సత్తిబాబు, అతని కాళ్ల దగ్గర సూరమ్మగారు, తల దగ్గర నేను, వెనక గెడ వేస్తూ పడవవాడు ఏడుకొండలు. అంతే. ఇంకో ప్రాణి లేదు.

"సత్తిబాబూ!"

"ఆయ్."

నది మధ్యకి వచ్చేసరికి అతని ఛాతీ కదలడం ఆగిపోయింది. నాడి కొట్టుకుంటోంది. నా దగ్గర ఏ పరికరమూ లేదు. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదడం మొదలుపెట్టాను.

"సత్తిబాబూ!" అంది సూరమ్మగారు.

"ఆయ్."

నా నోరు అతని నోటి మీద ఉంది. నేను లోపలికి ఊదుతున్నాను. ఆ గొంతు అతనిదే. ఎండలో నా సంచి మోసిన గొంతు. పడవలోంచే వచ్చింది.

తల పైకెత్తి అరిచాను. "మాట్లాడేది ఇతను కాదు! ఊపిరే లేదు! మేట దగ్గర ఆపండి!"

"సత్తిబాబూ, నాన్నా!"

"ఆయ్."

అతని పెదవులనే చూస్తున్నాను. కదల్లేదు.

"కంగారుపడకండి డాక్టరుగారండీ, పలుకుతున్నాడు కదండీ," అన్నాడు ఏడుకొండలు జాలిగా, పడవని లోతు నీళ్లలోకి తిప్పుతూ. వాదించడానికి నేను నోరు తెరిస్తే ఇతనికి ఊపిరి ఉండదు. ఊపిరి పోస్తే వాదించలేను. గట్టు మీద అంబులెన్స్ తెల్లగా కనిపిస్తూనే ఉంది, పక్కనుంచి దాటిపోయాం. అతని గొంతులో లాలాజలం నిండిపోయి, నేను ఊదింది లోపలికి పోవడం మానేసింది. పక్కకి తిప్పి తుడిచాను, మళ్లీ ఊదాను. ఏడుస్తూ ఊదాను. రేవు కనబడే వేళకి నాడి నా వేళ్ల కింద ఆగిపోయింది.

ఆ తర్వాత కూడా ఆవిడ పిలిచింది. ఆ తర్వాత కూడా ఆ గొంతు పలికింది. పడవ రేవుకి తగిలాక మాత్రం ఎంత పిలిచినా పలకలేదు. అంబులెన్స్ గట్టు చుట్టూ తిరిగి వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

తోటి డాక్టర్లు చాలా కారణాలు చెప్పారు. నేను ఊదిన గాలే గొంతులోంచి చప్పుడై వచ్చిందన్నారు. లోపలికి పోయే గాలి మాట ఎలా అవుతుంది? పడవవాడు పలికాడేమో అన్నారు. అతనిది బొంగురు గొంతు. నీ భ్రమ అన్నారు. మరి వాళ్లిద్దరూ విని, ఆ పలుకుని నమ్మి, దగ్గర దారి వదిలేశారే! నాకు భయం వేసేది ఆ గొంతుకి కాదు. అతనే పలికాడనుకుంటే, అత్త హడలిపోకూడదని పలికాడేమో, ఆ మర్యాదే అతని ప్రాణం తీసిందేమో అన్న ఆలోచనకి.

పరిశోధన సాగుతూనే ఉంది. లంకకి వంతెన రాలేదు. పిలిచే పద్ధతి మానమని ఇంటింటికీ చెప్పి చూశాను. "పలికితే ధైర్యం కదండీ" అంటారు.

అప్పట్లో సత్తిబాబు పెద్దకర్మ రోజు వెళితే సూరమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మా, దగ్గరున్నది నువ్వే. రేవు దాకా నాకు పలుకుతూనే ఉన్నాడు కదా? నీకూ వినబడింది కదా?"

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఆయ్," అన్నాను.

అబద్ధం చెప్పానో, నిజం చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.