మెయిల్ డ్రైవర్ తాత కారుకి నేనమ్మిన నూనె

నా చిన్నప్పుడు నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. పదేళ్ళకే, కలకత్తా వైపున్న మా రైల్వే ఊళ్ళోని గోల్‌బజార్‌లో మా మేనత్త కొట్టులోని ప్రతి డబ్బా పేరూ, దాన్ని ఏ బండికి పోస్తారో కూడా గడగడా చెప్పేసేదాన్ని. అత్తది ఇంజన్ నూనెల కొట్టు. లారీలకీ, రైసుమిల్లులకీ, మోటారు సైకిళ్ళకీ కావలసిన నూనెలూ గ్రీజూ అమ్మేది. మావయ్య సరుకు కోసం కలకత్తా తిరుగుతూ ఉంటే, అత్త కొంగు నడుముకి బిగించి, ఒకరితో బెంగాలీలో, ఇంకొకరితో హిందీలో, మాతో తెలుగులో మాట్లాడుతూ కొట్టంతా ఒంటి చేత్తో నడిపేది. శనివారం ఒంటిపూట బడి వదలగానే నేను అక్కడికి చేరేదాన్ని. డబ్బాల మీద దుమ్ము తుడవడం నా పని. నూనె అమ్మడం మాత్రం నా పని కాదు. ఈ రెండో మాట అత్త వారం వారం చెప్పేది, నేను వారం వారం తలూపేదాన్ని.

ఆ రోజుల్లో కొట్టుకి ఒక కొత్తరకం నూనె వచ్చింది. నీలం రంగు డబ్బా, మీద వెండి గీతలు. ఇంజన్ లోపల పేరుకున్న మడ్డినంతా కడిగి పారేస్తుందని లారీవాళ్ళు తెగ మెచ్చుకునేవారు. కడిగేది అంటే మంచిదే కదా, అందులో అనుమానం ఏముంటుంది? అత్త మాత్రం దాన్ని పొగడదు, తిట్టదు. అడిగినవాళ్ళని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేసి, ఒకరికి ఇచ్చేది, ఇంకొకరికి వద్దనేది. అంత మంచి సరుకు పెట్టుకుని ఈ ఆరాలేమిటని నాకు చిరాకుగా ఉండేది.

మా ఊళ్ళో తెలుగువాళ్ళందరూ మెయిల్ డ్రైవర్ తాత అని పిలిచే పెద్దాయన ఒకాయన ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, రైల్వేలో చేరి, మెయిల్ ఇంజన్లు తోలి రిటైరైన మనిషి. దేశం వదిలి వెళ్ళిపోయే దొర ఒకడి దగ్గర ఆయన ఏనాడో ఒక స్పోర్ట్స్ కారు కొన్నారు. పొడుగాటి ముక్కు, నేలకి ఆనినంత కిందికి ఉండే ఒళ్ళు, పైన కప్పు లేదు, సీట్లు రెండే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అది ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఎక్కువ ఉండేది. ఆయన భార్యని మేము మామ్మ అనేవాళ్ళం. జీవితమంతా ఆయన వేలమందిని ఊళ్ళు దాటించారు గానీ, ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చునే భాగ్యం మామ్మకి ఒక్కసారీ పట్టలేదు. ఇంజన్‌లోకి ఇంటివాళ్ళని ఎక్కించకూడదు కదా. రిటైరయ్యాక ఆ కారులో దీఘా తీసుకెళ్ళి సముద్రం చూపిస్తానని ఆయన మాటిచ్చారు. ఒకసారి టైర్లన్నారు, ఒకసారి బ్రేకులన్నారు, ఒకసారి వానలన్నారు. చివరికి ఒక ఆదివారం ఖాయమైంది.

దాని ముందు రోజు మధ్యాహ్నం ఆయన మా కొట్టుకి వచ్చారు. ఎప్పుడూ నూనె కొనే కొట్టు మూతపడిందట. అత్త లోపలి గదిలో అన్నం తింటోంది. దూరప్రయాణం, పాత ఇంజను, మంచి నూనె కావాలని ఆయన అన్నారు. నేను స్టూలెక్కి నీలం డబ్బా దింపాను. ఇది పోస్తే లోపలంతా అద్దంలా అయిపోతుందని లారీవాళ్ళ మాటలన్నీ వాళ్ళకంటే బాగా చెప్పాను. ఆయన నన్ను మెచ్చుకుని, డబ్బా సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయారు. చేతులు దులుపుకుని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

అత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ ముఖం మారింది.

"ఇన్నాళ్ళూ అందులో ఏటి పోసినాడో అడిగినావా?"

అడగలేదన్నాను.

"ఎప్పుడు పోస్తానన్నాడు?"

సాయంత్రం అన్నాను. అత్త గడియారం వైపు చూసింది. మరొకరైతే చెవి మెలేసేవారు. ఆవిడ మాత్రం టీ పెట్టమంది. పెట్టేముందు కెటిల్ లోపల బాగా తోమమంది.

కొట్టులో ఒక అల్యూమినియం కెటిల్ ఉండేది. బయట మెరిసేలా తోమేవాళ్ళం గానీ, లోపల ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదు. ఏళ్ళ తరబడి మరిగిన నీళ్ళకి లోపలంతా గార కట్టి గట్టిపడిపోయింది. నేను కొబ్బరిపీచూ ఇటుకపొడీ తీసుకుని, కసిగా, మోచేతి దాకా పెట్టి రుద్దాను. కొంత ఊడింది, కొంత వదులై అక్కడే అంటుకుని ఉంది. రెండుసార్లు కడిగి, కిరసనాయిలు స్టవ్వు మీద టీ పడేశాను. మరిగాక గ్లాసులో వంచితే నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. ఇంకా వంచాను. మూత పక్కనుంచి కారింది గానీ ముక్కులోంచి రాలేదు. మూత తీసి చూస్తే, ముక్కు మొదట్లో ఉండే సన్నటి చిల్లులన్నిటికీ గార పెచ్చులు పోయి అడ్డం పడ్డాయి.

"కెటిల్ నిండా టీ ఉంది గదా. గ్లాసులోకి రాదేటే?" అంది అత్త. తరవాత నెమ్మదిగా, "డ్రైవర్ తాత ఇంజను అడుగునా ఇలాటి జల్లెడొకటి ఉంటాది," అంది.

అప్పుడు నాకు అర్థమైంది. దశాబ్దాల మడ్డి ఆ ఇంజన్ గోడలకి అంటుకుని, ఎవరి జోలికీ పోకుండా ఉంది. నేనమ్మిన నూనె దాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. అది వెళ్ళి జల్లెడకి అడ్డం పడుతుంది. అడుగున నూనె నిండుగా ఉన్నా పైకి చుక్క చేరదు. దీఘా దారి మధ్యలో, ఎండలో, ఇనుము ఇనుముతో రాసుకుని ఇంజన్ బిగిసిపోతుంది. ఆ కారుకి విడిభాగాలు ఈ దేశంలో దొరకవని ఊరందరికీ తెలుసు. మామ్మ మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడం ఇక ఉండదు.

వెళ్దాం అత్తా అన్నాను. అప్పటికే ఆవిడ చెప్పులు వేసుకుంది. ఆ మాట నా నోటినుంచే రావాలని చూసిందని నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు. కొట్టు వెనక అటక మీద, మడ్డి జోలికి పోని, ఎవరూ అడగని సాదా రకం చిక్కటి నూనె డబ్బా ఒకటి దుమ్ముకొట్టుకుని ఉంటే దించింది. శనివారం మధ్యాహ్నం గోల్‌బజార్‌లో కొట్టు మూయడం ఎవరూ చేయని పని. పక్క బట్టలకొట్టు బెంగాలీ దాదా ఎవరైనా పోయారేమోనని కంగారుపడి అడిగాడు కూడా. రిక్షా ఎక్కి, డబ్బా నా ఒళ్ళో పెట్టి, తాతకి చెప్పాల్సింది నువ్వే, నేను కాదు అంది.

సాయంత్రం దాకా ఆగే మనిషి కాదాయన. మేము వెళ్ళేసరికి నూనె మార్చేసి, వీధిలో రెండు చుట్లు తిప్పి, కారుని పెరట్లో నిలబెట్టి ఇంజన్ చప్పుడు వింటున్నారు. పక్క సీట్లో మామ్మ, తలకి పట్టు రుమాలు కట్టుకుని, రేపటి ప్రయాణానికి ఇవాళే తయారైనట్టు కూర్చుని ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. అత్త వైపు చూస్తే ఆవిడ అరటిచెట్టు వైపు చూస్తోంది.

"తాతా, నాను ఇచ్చిన నూనె తప్పు. అడక్కుండా ఇచ్చేసినాను. ఇంజను ఆపెయ్యి."

ఆయనకి కోపం వచ్చింది. "మెయిల్ తోలినోడిని నాను. ఇంజను సంగతి పదేల్ల గుంట సెప్తే ఇనాలా?"

"అది మీ వొయసుకి బయపడకుండా ఒచ్చి సెప్తంది," అంది మామ్మ. "ఆపండి ముందు."

ఇంజన్ ఆగింది. అప్పుడు నేను మధ్యాహ్నం అడగాల్సినవన్నీ అడిగాను. ఇంతకుముందు ఏ నూనె పోసేవారు, ఎన్నేళ్ళుగా, లోపలెప్పుడైనా విప్పి శుభ్రం చేశారా, పొద్దున్నే కింద మరకలు ఉంటాయా. జవాబులు సగం మామ్మే చెప్పింది. ఎప్పుడూ ఒకటే సాదా నూనె, దొర చేతిలో ఉన్నప్పుడూ అదే, లోపల ఎవరూ విప్పలేదు. తాత కారు కిందికి దూరి, అడుగు బోల్టు వదులు చేశారు. మధ్యాహ్నం తేనెలా ఉన్న నూనె గంట తిరక్కుండా నల్లగా రేకు పళ్ళెంలోకి కారింది. ఆయన దాన్ని బొటనవేలితో చూపుడువేలి మీద రాసి చూశారు. తరవాత నా వేళ్ళకీ రాశారు. మెత్తటి నూనెలో సన్నటి ఇసుకలా గరగరలాడింది. జల్లెడ బిళ్ళ విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగించారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మామ్మ కారులోంచి దిగలేదు. కుర్చీ వేస్తాం రమ్మంటే వినలేదు.

"నాను దిగను. దిగితే మల్లీ వచ్చే వారం అంటారు," అంది.

సాదా నూనె నా చేతే పోయించారు. గరాటులో అది ఎంత నిదానంగా దిగిందో ఇప్పటికీ గుర్తు. గేజు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూసి, చాలు అని తాత తలూపారు. ఇంజన్ వేస్తే నూనె ఒత్తిడి చూపించే సూది పైకి లేచి నిలబడింది. ఆయన చాలాసేపు దాని వైపే చూశారు.

ఆ ఆదివారమంతా నేను కొట్టు గుమ్మం వదల్లేదు. పొద్దుగూకే వేళ గోల్‌బజార్ జనం మధ్య నుంచి ఆ పొడుగాటి ముక్కు మా కొట్టు వైపు రావడం చూశాకే ప్రాణం కుదుటపడింది. మామ్మ జుట్టంతా రేగిపోయి, ముఖం ఎండకి కమిలి ఉంది. అంత సంతోషంగా ఉన్న ముసలి మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఒళ్ళోంచి ఎండుచేపల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"దారంతా ఈయన సూదినే సూసినాడు. సూది కదల్లేదు. సముద్రం నానొక్కర్తినే సూసినాను," అంది. తాత నవ్వారు.

ఇప్పుడు ఆ కొట్టు నాది. మొన్న హిజ్లీ వైపున్న కాలేజీ క్యాంపస్ నుంచి ఒక కుర్ర మాష్టారు పాత స్పోర్ట్స్ కారులో వచ్చాడు. ఫోన్‌లో అందరూ గొప్పగా చెబుతున్నారని, నీళ్ళలా పలచగా ఉండే కొత్త సింథటిక్ నూనె ఇమ్మన్నాడు. నేను స్టూలు చూపించి నా ప్రశ్నలు మొదలుపెట్టాను. కారు తన చేతికొచ్చి మూడు నెలలే, ఏమీ తెలియదన్నాడు. అయితే అమ్మినాయనకి ఇక్కడినుంచే ఫోన్ చెయ్యమన్నాను. ఇరవై ఏళ్ళుగా చిక్కటి నూనె తాగిన ఇంజనని, కిందికి కొద్దిగా కారుతుందని తేలింది. చిక్కటిదే ఇచ్చాను. అలాగని పాత కారుకి పాత నూనె అని సూత్రమేమీ లేదు. ఆ ముందు నెలలో ఇంకొకాయన కారు అంతకంటే పాతది, కానీ ఇంజన్ పూర్తిగా విప్పి కొత్తగా కట్టించారు. ఆయనకి కొత్త రకమే ఇచ్చాను. కోడళ్ళొచ్చినప్పుడూ, మనవడు బళ్ళో వెనకపడ్డప్పుడూ కూడా నేను ముందు ఇలాగే అడిగాను, తరవాతే నా సలహా చెప్పాను. నాకు తెలియనిదేదీ లేదన్న ధీమా ఇప్పటికీ పోలేదు గానీ, అడిగి తెలుసుకున్నాకే అది వస్తోంది.

ఇప్పుడూ కొట్టులో, లోపల గార కట్టిన ఇంకో కెటిల్ ఉంది. దాన్ని తోమడానికి ఎవరొచ్చినా ఒప్పుకోను. ఇంకొక అలవాటు కూడా ఆ రోజునుంచే నాతో వచ్చింది. డబ్బా చేతికిచ్చేముందు, కొట్టు గుమ్మం దాకా వచ్చి, ఆ కారు పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూస్తాను.