రెండో గ్లాసు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, చెవి మాత్రం ఇటు పడేయండి. గట్టిగా చెప్పే మాట కాదిది.

ముందే చెబుతున్నాను, నాకు దెయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. మా కన్నవారిది నౌపడ దగ్గర ఉప్పుమళ్ళ పక్క ఊరు. పెళ్ళికి ముందు తెల్లారకుండానే మళ్ళ గట్ల మీద ఒక్కదాన్నే నడిచి పనికి వెళ్ళిన మనిషిని. తెల్లగా ఏం కనబడినా ఉప్పు కుప్పే అనుకునేదాన్ని. నిజంగా ఉప్పు కుప్పే అయ్యేది కూడా.

నన్ను చీపురుపల్లిలో ఇచ్చారు. మా ఆయన గరివిడిలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు. నాది రెండో సంబంధం. ఆయన మొదటి భార్య సత్యవతి, గౌరిని కని మూడో రోజున పురిట్లోనే పోయింది. గౌరికి మూడేళ్ళప్పుడు నేను ఈ ఇంటికి వచ్చాను. నా కడుపున పిల్లలు పుట్టలేదు. నాకున్నదల్లా గౌరే. అది నన్ను పిన్నీ అంటుంది.

ఆ గౌరి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. తల్లి ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు కాబట్టి వీధిలో ఆడవాళ్ళు దాన్ని చూసినప్పుడల్లా ఒక క్షణం మాట ఆపేసేవారు. ఎదురింటి రమణమ్మయితే నా మొహం మీదే అనేసింది.

"ఇలగ సెప్తన్నాననుకోకు గానీ, నువ్వు సవితి తల్లివి. కన్నతల్లి సేతిలో బిడ్డకి ఏటైనా అయితే దేవుడు సేసినాడంతారు. నీ సేతిలో అయితే దేవుడి పేరు ఎవలూ ఎత్తరు."

నాకు ఆ మాట ముల్లులా దిగిపోయింది. గౌరిని, దాని కడుపులో బిడ్డని క్షేమంగా ఒడ్డున పడేయాలి. ఆ నెలల్లో నాకు వేరే ఆలోచన లేదు.

అప్పుడే మౌనిక వచ్చింది. గౌరితో హాస్టల్లో ఉన్న పిల్ల, గుంటూరు వైపు మనిషి. విశాఖపట్నంలో ఫొటోల చదువు చదువుతోంది. ఒక ఇంట్లో రోజూ జరిగే పనుల్ని నెల రోజుల పాటు అదే చోటు నుంచి, అదే వేళకి ఫొటోలు తీసి చూపించాలట. మా ఇల్లు అడిగింది.

"రోజూ సేసే పనికి ఫొటో ఏటమ్మా? పెళ్ళా, పేరంటమా? అంట్లు తోమడం సూడ్డానికి ఎవలొస్తారు?" అన్నాను.

"ఎవరూ చూడరనే తీస్తున్నా ఆంటీ. మీరేం చెయ్యొద్దు. రోజూ చేసేదే చెయ్యండి చాలు," అంది.

పెరట్లో గోడ వారగా మూడు కాళ్ళ స్టాండు పెట్టి దానికి ఒక కెమెరా బిగించింది. అది ఉదయం ఆరు నుంచి ఏడు దాకా నిమిషానికి ఒక ఫొటో తనంతట తనే తీసేది. వంటింటి గుమ్మం, గుమ్మం పక్కన గౌరి కూర్చునే నవారు మంచం, అంట్లు తోమే గట్టు, నీళ్ళు పోయే తూము, అన్నీ అందులో పడేవి. ఇంకో కెమెరా మెడలో వేసుకుని నా వెంట తిరిగేది. మొదటి రెండు రోజులూ సిగ్గుతో కొంగు సర్దుకున్నాను. తర్వాత అది ఉందన్న సంగతే మరిచిపోయాను.

నా ఉదయం ఎప్పుడూ ఒకటే. ఆరింటికి పొయ్యి వెలిగించడం, గౌరికి తాగడానికి ఏదో ఒకటి ఇవ్వడం, ఆరున్నరకి వీధి కొళాయి వస్తుంది కాబట్టి రెండు బిందెలు పట్టుకుని వెళ్ళడం. ఏడు కొట్టేదాకా కొళాయి దగ్గరే. వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు.

మౌనిక వచ్చిన వారానికి గౌరికి అరికాళ్ళు మంటలు మొదలయ్యాయి. వేడి చేసిందనుకున్నాను. మా అమ్మ ఇలాంటప్పుడు సుగంధి వేరు కాచి ఇచ్చేది. మా కన్నవారి వైపు దాన్ని పాలేరు అంటారు, పాల వేరు అన్నమాట. సంతలో గోనె మీద వేర్లు పరుచుకుని కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్ళాను.

"పాలేరు ఉన్నాదా తాతా?"

"పాలేరా? పొలానికా అమ్మా, ఇంటికా?" అని బోసి నోటితో నవ్వాడు.

"నీ ఎకసెక్కాలు సాల్లే. పాల వేరు, ఒంట్లో వేడికి."

ఒక కట్ట తీసి ఇచ్చాడు. వాసన చూసుకోవాల్సింది. కానీ కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచీ నాకు వాసనలు తెలియవు. పప్పు మాడినా పొగ కనబడితేనే తెలిసేది. సుగంధి వేరుకి వాసనే గుర్తు. నాకు ఆ గుర్తు లేదు.

మర్నాటి నుంచి రోజూ కాచి, చేదు తెలియకుండా బెల్లం కలిపి, గౌరి చేతికి గ్లాసు ఇచ్చి కొళాయికి వెళ్ళేదాన్ని. చల్లారాక తాగుతానని అది పక్కన పెట్టుకునేది. నేను తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీ. ఇలా ఇరవై రెండు రోజులు. ఆసుపత్రి నర్సమ్మకి ఈ సంగతి చెప్పలేదు. వేరు కషాయానికి చెప్పేదేముంది అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మౌనిక లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది. మొహం అదోలా ఉంది.

"ఆంటీ, కెమెరాలో టైము తప్పిందనుకున్నా. రెండూ సరిచూశా, సరిగ్గానే ఉన్నాయి," అంది.

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. రెండింటి కిందా ఆరూ నలభై రెండు అనే ఉంది, తేదీ కూడా ఒకటే. ఒకటి మెడలో కెమెరాతో తీసింది. వీధి కొళాయి దగ్గర బిందె కింద చెయ్యి పెట్టి నేను, నా పక్కన రమణమ్మ. రెండోది పెరటి కెమెరాది. అందులోనూ నేనే. అదే ఆకుపచ్చ చీర, అదే ముడి, వీపు ఇటు పెట్టి తూము దగ్గర వంగి గ్లాసులోది పారబోస్తున్నాను.

నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు. అందుకే ముందు నేనే అనుకున్నాను. తర్వాత చెయ్యి చూశాను. కుడి ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. నాకు ఒంటి మీద ఎక్కడా పచ్చబొట్టు లేదు.

మౌనిక మిగతా రోజులవీ తీసింది. ఇరవై రెండు రోజులూ అంతే, నేను కొళాయి దగ్గర ఉన్న వేళకే. ఏ ఒక్క ఫొటోలోనూ మొహం లేదు. కషాయం మొదలుపెట్టక ముందు వారం రోజుల ఫొటోల్లో అలాంటిదేమీ లేదు.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి రాగానే చూపించాను. మౌనిక చేత చెయ్యి పెద్దది చేయించాను. తులసికోట బొమ్మ, దాని కింద మూడు చుక్కలు. మూడో చుక్క గుండ్రంగా లేదు, పక్కకి సాగిపోయి ఉంది. ఆయన చాలాసేపు చూశాడు.

"పొడిపించుకున్నప్పుడు సిన్నపిల్లంట. నొప్పికి సెయ్యి లాగీసుకున్నాదంట. నాతోటే సెప్పినాది," అన్నాడు. పేరు చెప్పలేదు. "గౌరికి సెప్పకు" అని మాత్రం అని, అన్నం తినకుండా లేచిపోయాడు.

నేను గౌరి దగ్గరికి వెళ్ళి మామూలుగా అడిగినట్టు అడిగాను. రోజూ కషాయం తాగుతున్నావా అని.

"తాగుతన్నాను కదా పిన్నీ. మొదటిది సల్లారిపోనాదని నువ్వే అట్టుకెల్లిపోయి రెండో గ్లాసు తెస్తన్నావు కదా."

"నానా?"

"నువ్వు కాకపోతే ఎవలు? రెండోది బెల్లం నీల్లలాగుంటాది. మాటాడవు, ఏటీ లేదు. తల నిమిరీసి ఎల్లిపోతావు. ఏటి పిన్నీ అలాగ సూస్తన్నావు?"

నాకు తల నిమిరే అలవాటు లేదు. దానికి ముద్దలు తినిపించాను, జడలు వేశాను, జ్వరాలకి మేలుకున్నాను. ఊరికే తల నిమరడం మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు.

ఇక్కడే నేను తప్పు చేశాను. పురిట్లో పోయిన మనిషి తన బిడ్డని తన దగ్గరికి తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. మంచి మందు దాని కడుపులోకి వెళ్ళకుండా పారబోస్తోందనుకున్నాను. దెయ్యాలు లేవన్న మనిషిని, ఒక్క పూటలో ఉన్నాయని ఒప్పేసుకోవడమే కాదు, దానితో పంతానికి దిగాను. నీకు మూడు రోజుల బిడ్డ, నాకు ఇన్నేళ్ళ బిడ్డ, చూద్దాం అనుకున్నాను.

మర్నాడు కొళాయికి వెళ్ళలేదు. రెండు వేర్లు ఎక్కువ వేసి చిక్కగా కాచాను. గౌరి మంచం పక్కన గోడకి ఆనుకున్నట్టుగా నిలబడి, గ్లాసు నా చేత్తోనే దాని నోటికి పెట్టాను.

"ఏటి పిన్నీ, ఇయాల ఇంత సేదుగున్నాది?"

"నోరు మూసుకుని తాగీ."

రెండు గుక్కలు మింగింది. మూడో గుక్కకి గ్లాసు నా చేతిలోంచి జారి కింద పడింది. చెమట పట్టి జారిందనుకున్నాను. మళ్ళీ కాద్దామని లోపలికి వెళ్ళాను. వేర్లు నానేలోపే గౌరి కేక పెట్టింది.

నొప్పులు, రక్తం. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేదాకా దాని తల నా ఒళ్ళోనే ఉంది. నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. డాక్టరమ్మ ఏం పెట్టావని అడిగితే బయల్దేరుతూ కొంగున కట్టుకున్న వేరు తీసి ఇచ్చాను. పక్కనున్న పెద్ద నర్సమ్మ దాన్ని గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది సుగంధేటమ్మా? వాసనే లేదు. పాలు కారే వేరిది. కడుపు పోగొట్టుకోడానికి ఇస్తారు దీన్ని. ఎవలిచ్చినారు నీకు?"

నేనే అడిగి తెచ్చుకున్నాను. ఈ వైపు పాలేరు అంటే పాలు కారే వేరట. ఆ ముసలాయన నేను అడిగిందే ఇచ్చాడు.

ఎన్నాళ్ళుగా తాగుతోందని డాక్టరమ్మ అడిగింది. ఇరవై రెండు రోజులుగా ఇస్తున్నానని, ఆ పూట రెండు గుక్కలే మింగిందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. రెండు గుక్కలకే ఇంత అయితే, అన్ని రోజులు తాగిన మనిషి గానీ బిడ్డ గానీ మిగలరు, లెక్క తప్పు చెబుతున్నావు అంది. గౌరి అత్తగారు బెంచీ మీంచి లేచి "సవితి తల్లి మందు" అని ఏడుపు ఎత్తుకుంది. ఆ మాట పడాల్సిందే అనుకున్నాను.

గౌరి బతికింది. ఆడపిల్ల పుట్టింది. చేటలో పడుకోబెడితే సగం చేట కూడా నిండనంత పిల్ల. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచి ఇచ్చారు.

గౌరి గండం గడిచిందని చెప్పిన రోజున నేనూ మౌనికా ఇంటికి వచ్చి ఆ ఉదయం ఫొటోలు చూశాం. గ్లాసు గౌరి నోటి దగ్గర ఉంది, పట్టుకున్న చెయ్యి నాది. ఆ చేతి మణికట్టుని ఇంకో చెయ్యి వెనక నుంచి పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. తర్వాతి నిమిషం ఫొటోలో గ్లాసు నేల మీద ఉంది.

ఆ వేళ నా మణికట్టుకి ఏమీ తెలియలేదు. నేను నిలబడిన చోటు నుంచి గోడ ఎంత దూరమో తర్వాత కొలిచాను. జానెడు. ఆ సందులో మనిషి పట్టదు.

మౌనిక ఆ కెమెరాని విశాఖలో ఇద్దరికి చూపించింది. ఏ లోపమూ లేదన్నారు. ఆ ఫొటోలు తన కాలేజీలో పెట్టలేదు. ఒక ప్రతి నాకు ఇచ్చి, మిగతావి చెరిపేశానంది. మా ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. గౌరికి వేరు మారిపోయిన సంగతి నేనే చెప్పి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఫొటోల సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

అది ఏమిటో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళని అడిగాను, కెమెరా మాయ అన్నారు. మరి ఖాళీ గ్లాసు ఎవరి మాయ? రెండో గ్లాసు ఎవరు కలిపారు? నేను చెప్పలేను. నేను చెప్పగలిగింది ఒకటే. ఇరవై రెండు రోజులు నా బిడ్డని నా చేతి నుంచి ఎవరో కాపాడారు. ఇరవై మూడో రోజున నేను వాళ్ళ మీద గెలవాలని చూశాను.

మీ ఇంట్లో నిండు చూలాళ్ళు ఉంటే వాళ్ళు సుఖంగా నీళ్ళాడాలి. పసిపిల్ల ఏడుపు మీ వాకిట వినబడాలి. తెలియక చేసిన తప్పుకి మీ ఇంట అడ్డుపడే చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉండాలి, ఆ చెయ్యిని మీరు తోసెయ్యకుండా ఉండాలి. చల్లగా ఉండండి.