అత్త కొన్న పెద్ద సైకిలు

మా మేనత్తకు యాభై రెండో ఏట సైకిలు పిచ్చి పట్టిందని మా వాళ్లంతా అంటారు. అది శుద్ధ అబద్ధం. పిచ్చి ఎప్పుడో పట్టింది, బయటపడింది మాత్రం యాభై రెండో ఏట. ఆమెకు పన్నెండేళ్లప్పుడు ఇదే ఇంట్లో మా నాన్నకు కొత్త సైకిలు కొన్నారు. ఆమెకు దాన్ని తుడిచే పని అప్పగించారు. చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, చైనుకు నూనె పెట్టేది. తాతయ్య ఇంట్లో లేని మధ్యాహ్నాలు వీధి చివరిదాకా తొక్కడం నేర్చుకుంది. ఒకనాడు పట్టుబడితే, "నువ్వెక్కడికి వెళ్లాలనే?" అన్నాడట తాతయ్య. సైకిలు దిగిపోయిందట. ఇది చెప్పినప్పుడల్లా అత్త నవ్వుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

అత్త మాతోనే ఉంటుంది. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఇంటి ముందు గదే దుకాణం. ఒక మిషను, నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల, గోడ మేకులకు కత్తెరలు, రోడ్డు వైపు ఒక కిటికీ. ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకు ఆ రోడ్డు మీద పదిమంది దాకా రోడ్డు సైకిళ్లు తొక్కుకుంటూ పోతారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిళ్లు. వాళ్ల చప్పుడు వినబడితే అత్త మిషను ఆగిపోతుంది. వాళ్లు మలుపు తిరిగి కొండ వైపు కనుమరుగయ్యేదాకా కిటికీ దగ్గరే నిలబడుతుంది. అటువైపు మాకు చుట్టాలూ లేరు, పనీ లేదు కనుక ఆమె ఎన్నడూ ఆ మలుపు దాటలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా కాసేపు అలాగే చూస్తుండేది. ఆ కాసేపట్లో ఆమెను పలకరించడం నాకు చేతనయ్యేది కాదు.

నిరుడు ఒకరోజు కాఫీ తాగుతూ, "నేనో సైకిలు కొనుక్కుంటానురా" అంది.

"బజారుకు వెళ్లడానికా అత్తా?"

"బజారుకు నడిచే వెళ్తాగా. ఆ మలుపు దాటి వెళ్లడానికి."

నాన్న పేపరు దించాడు. "ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటావా?"

"నా నడుమే కదా అన్నయ్యా, నీది కాదుగా!"

ఆపైన రెండు నెలలు నా ఫోను నాకు దక్కలేదు. ఎప్పుడు చూసినా సైకిళ్ల వీడియోలే. బ్రేకులు డిస్కువైతే మేలా, మామూలువి చాలా? గేర్లు ఎన్నుండాలి? అన్నం కలుపుకుంటూ, "కార్బన్ ఫ్రేము మనకొద్దులే, తేలికే గానీ పగిలిందంటే అతుకు పెట్టడం కష్టమట" అని ఆమె అంటుంటే నవ్వాపుకోలేక పొలమారేది నాకు.

సెలవు పెట్టి నేనూ సైకిళ్ల దుకాణానికి వెళ్లాను. అత్త సైకిళ్లను చూసిన తీరు చూసి తీరాలి. రంగుల జోలికి పోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గొట్టాల అతుకుల అడుగున వేలితో రాసి చూసింది. "పైపైన అందరూ బాగానే కుడతారు" అంటే అమ్మే కుర్రాడు తెల్లమొహం వేశాడు. చివరకు ముదురు నీలం రంగుది ఒకటి నచ్చింది. అందులో రెండు సైజులున్నాయి. చిన్నది ఎక్కితే చేతులు హాయిగా హ్యాండిల్‌కు అందాయి, సీటు మీంచి ముందుకు దిగితే పాదాలు నేలకు ఆనాయి. అక్కడితో ఆగితే ఆమె మా అత్త ఎందుకవుతుంది! "పెద్దది ఇవ్వండి" అంది.

ముప్పై ఏళ్లుగా ఆమె ఏ పిల్లకూ ఒంటికి అతికినట్టు కుట్టలేదు. ఎదిగే పిల్లలు కదా అని లోపల రెండంగుళాలు మడిచి, లూజు వదిలి కుడుతుంది. ఎక్కువైతే లోపలికి కుట్టెయ్యొచ్చు, తక్కువైతే బట్ట ఎక్కణ్నుంచి తెస్తాం అంటుంది. సైకిలుకూ అదే సూత్రం పట్టించింది. "బాగా అలవాటయ్యాక చిన్నదైపోతే?" అని నన్నే అడిగింది. యాభై రెండేళ్ల మనిషి ఇంకెంత ఎదుగుతుందని నేను అడగాల్సింది. అడక్కుండా గంగిరెద్దులా తలూపాను.

ఇంటికొచ్చాక మొదలయ్యాయి తిప్పలు. హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకు సాగిలపడాలి. ఆగాలంటే కాలు నేలకు అందదు. మొదటి వారంలోనే రెండుసార్లు పడింది. సీటు దించింది, ముందుకు జరిపింది, హ్యాండిల్‌ను దగ్గరికి తెచ్చే ముక్క మార్పించింది. ఎన్ని ఆల్టరేషన్లు చేసినా గొట్టం గొట్టమే కదా, దాన్ని లోపలికి మడిచి కుట్టడం ఆమె తరమా? మెడ పట్టేసేది. అరచేతులు తిమ్మిరెక్కి కత్తెర పట్టుకోవడమే కష్టమయ్యేది. మలుపు మాట దేవుడెరుగు, పెట్రోలు బంకు దాకా వెళ్లి, దిగి నడిపించుకుంటూ వచ్చేది.

"సైకిలుది తప్పు కాదురా. నాకే ఆలస్యమైపోయింది" అంది ఒకరోజు మోకాలికి మందు రాసుకుంటూ. ఏడుస్తూ అని ఉంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ని. వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంది. "నేను చెప్పలేదూ?" అని నాన్న దెప్పినా మాట్లాడలేదు. అత్త నాన్నకు బదులివ్వకపోవడం నా ఎరుకలో అదే మొదలు. సైకిలు ఇస్త్రీ బల్ల వెనక్కి చేరింది. దాని మీద కుట్టిన చొక్కాలు వేలాడాయి. ఆదివారం ఆరున్నర కాకముందే కిటికీ రెక్క మూసేసి మిషను ముందు కూర్చునేది. అన్ని కష్టాల్లోనూ ఆ మూసిన కిటికీని చూడటమే నాకు కష్టమైంది.

మూడు నెలల తర్వాత, ఆదివారం గుంపులో తొక్కే ఒకావిడ దుకాణానికి వచ్చింది. పళ్ల డాక్టరు. ఎక్కడో పడితే చొక్కా భుజం దగ్గర చిరిగిందట. చొక్కాల మధ్య నుంచి తొంగిచూస్తున్న హ్యాండిల్‌ను చూసి, "ఈ సైకిలు ఈ అబ్బాయిదా అండీ?" అంది నన్ను చూపిస్తూ.

"కాదండీ, నాదే."

"మీకు బాగా పెద్దది కదా! కొలత ఎవరు తీశారు?"

అత్త నా వైపు చూసింది. "ఎవరూ తీయలేదండీ."

డాక్టరు మిషను మీది టేపు అందుకుంది. "ఇలా గోడకు ఆనుకుని నిలబడండి."

అత్త నిలబడింది. ఊళ్లో సగం మంది కొలతలు అదే టేపుతో తీసిన మనిషికి, అది తన ఒంటి మీద పడేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాలి లోపలి పొడవు, నడుం నుంచి మెడ దాకా, భుజం నుంచి మణికట్టు దాకా. డాక్టరు అంకెలు చెబుతుంటే నేను సుద్దతో బల్ల మీద రాశాను. తలెత్తి చూస్తే అత్త కళ్లలో నీళ్లు.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏం లేదండీ. నా ఒళ్లే పనికిరాకుండా పోయిందనుకున్నాను."

"మీ ఒంటికేం, నిక్షేపంలా ఉంది. నాకు యాభై ఏడు" అంది డాక్టరు.

ఆ గుంపులోనే ఒక పొడుగాటి బ్యాంకు గుమస్తా ఉన్నాడు. భార్య కోసం ఆయన కొన్న సైకిలు ఆవిడ ఎక్కకపోవడంతో మూల పడి ఉందట. అత్త సైకిలు తను తీసుకుని, భార్యది అత్తకు ఇచ్చాడు. రంగు వెలిసిన పసుపు సైకిలు. చూడటానికేమీ బాగాలేదు. అత్త ఎక్కింది. చేతులు వాటంతటవే హ్యాండిల్ మీదికి వెళ్లాయి. దిగింది, మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది.

ఆదివారం డాక్టరు తమతో రమ్మంటే, "ఈ ఒక్కసారికీ ఒక్కదాన్నే వెళ్తానండీ" అంది. ఆరింటికి బయలుదేరింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపుతుందని గేటు దగ్గరే నిలబడ్డాను గానీ, ఆమెకు నేను గుర్తుంటేగా! తొమ్మిదైంది, పదైంది. నాన్న లోపలికీ బయటికీ తిరిగీ తిరిగీ నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

పదకొండున్నరకు వచ్చింది. ముఖం కందిపోయి ఉంది, చెంపల మీద కన్నీటి చారలున్నాయి. గేటు అరుగు మీద కూలబడి, నేనిచ్చిన నీళ్లు గటగటా తాగింది.

"పడ్డావా?" అన్నాడు నాన్న. లేదని తలూపింది.

"మరి ఆ ఏడుపెందుకే?"

"కొండ ఎక్కాను అన్నయ్యా. ఎక్కి చూస్తే అవతల రోడ్డు ఇంకా ఉంది. దిగుతూ, ఎక్కుతూ, చూసినంత మేరా ఉంది. వెనక్కి తిరగబుద్ధి కాలేదు." చున్నీతో ముఖం తుడుచుకుని నాన్న వైపు చూసింది. "నువ్వు చిన్నప్పుడే చూసుంటావుగా. ఇంత ఉందని నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"