షుగరోళ్ళ బంతి

ఆళ్లగడ్డ శేషిరెడ్డికి ఒకరి చేత మాట పడటం గిట్టదు. కూతురి పెళ్ళి కుదిరినప్పటి నుంచి, పెళ్ళికొడుకు మేనమామ మద్దిలేటి నంద్యాల నుంచి ఒకటే ఫోన్లు. "మావోళ్ళలో సగం మందికి షుగరప్పా. నాకైతే మరీ ఎక్కువ. బెల్లం ఓళిగలు పెట్టి సంపుతావా ఏందీ?"

మర్యాదకు లోటెందుకని శేషిరెడ్డి కొర్రన్నం, బెల్లం వేయని పాయసం వేరుగా వండించాడు. అంతటితో ఆగితే ఆయన శేషిరెడ్డి ఎందుకవుతాడు? వాళ్ళకోసం ఒక భోజనాల బంతి ప్రత్యేకంగా వేయించి, పైన ఇంత పొడుగు బ్యానరు కట్టించాడు: "షుగరు ఉన్నవారు ఇక్కడ కూర్చోగలరు."

పెళ్ళికి వచ్చిన ప్రతివాళ్ళ ఇంట్లోనూ పెళ్ళీడు పిల్లలున్నారు. సంబంధాలు వెతికే కళ్ళన్నీ భోజనాల దగ్గరే ఉన్నాయి. ఇక ఆ బ్యానరు కింద కూర్చునే మొనగాడెవడు? అహోబిలం నరసింహస్వామి దయవల్ల ఆ పూటకు రెండు ఊళ్ళలోనూ షుగరు మాయమైపోయింది.

శేషిరెడ్డి వెతుక్కుంటూ వెళ్ళేసరికి, మద్దిలేటి పక్క బంతిలో నాలుగో ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటున్నాడు.

"ఆ బంతి ఖాళీగా ఉండాదే, ఎవురికప్పా?" అన్నాడు తాపీగా.

"షుగరోళ్ళకి, అన్నా" అన్నాడు శేషిరెడ్డి పళ్ళు నూరుతూ.

మద్దిలేటి జాలిగా తల ఊపాడు. "పాపం, మీ ఆళ్లగడ్డలో ఆ రోగం శానా ఉన్నట్టుండాదే!"