డోలీ తిరగని మలుపు

నా కుడి అరచేతికి ఆకుపచ్చ రంగు అంటుకుంది. కిరసనాయిలుతో రుద్దినా పూర్తిగా వదలలేదు. భోజనానికి కూర్చుంటే అన్నం వాసనకంటే ముందు ఆ రంగు వాసనే తగులుతోంది. ఎగువ పనసపుట్టు గూడెం నుంచి జీపు రోడ్డుకు దిగే కాలిబాటలో, రెండో మలుపు దగ్గర పాతి, ఈమధ్యే మళ్లీ రంగు వేసిన ఇనుప కడ్డీని నిన్న పట్టుకున్నాను. ఆసరా కోసం కాదు, కదులుతుందేమో చూద్దామని. కదల్లేదు. సిమెంటులో చాలా లోతుగా పాతారు. ఆ దారిలో మెట్లు కట్టినవారు శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

జరిగినవి జరిగిన వరుసలోనే రాస్తాను.

ఈ ఏడాది ఏప్రిల్: కొండ మీద మేఘాలు చూడటానికి వచ్చే సందర్శకుల కోసమని, గూడెంలో ఎవరినీ అడగకుండా ఒక ప్రభుత్వ శాఖ వారు మట్టి వాలును తవ్వి సిమెంటు మెట్లు కట్టారు.

జూన్: మలుపులో రెండు వైపులా కడ్డీలు పాతారు. కింద గేటు పెట్టి టికెట్టు మొదలుపెట్టారు.

ఆగస్టు: పురిటి నొప్పులు పడుతున్న బుద్రి అనే ఆమెను డోలీలో దించుతుండగా ఆ మలుపులో డోలీ తిరగలేదు.

సెప్టెంబరు: నేను రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. "సదరు మార్గాన్ని అధికారులు స్వయంగా నడిచి పరిశీలించారు. సురక్షితముగా ఉన్నది."

అక్టోబరు, అనగా నిన్న: ఏటా ఆ దారిని బాగుచేసే మా బృందాన్ని గేటు దగ్గర ఆపారు.

"నడిచి పరిశీలించారు" అన్న మాట చదివినప్పుడు నాకు మార్తమ్మగారి గొంతు వినిపించింది. ఆమెను చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. డుంబ్రిగుడ దగ్గరి ఒక గూడెంలో పుట్టారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం లోయ అవతలికి వినిపించేది. వినయం ఆమెకు చేతకాదు. తన వంటే రుచి అనేవారు, తన పాటే శ్రుతి అనేవారు. రెండూ అబద్ధాలే. దసరా వెళ్లి వానలు తగ్గగానే ఆమె ఆ దారిలో మకాం వేసేవారు. చుట్టుపక్కల గూడేల నుంచి ఇంటికొకరు, పాడేరు నుంచి చర్చి యువకులు, కొందరు టీచర్లు, ఒక కరెంటు మేస్త్రీ వచ్చేవారు. రోజుల తరబడి బడి వరండాలో పడుకుని, అంబలి తాగి, వానకు కోసుకుపోయిన దారిని పూడ్చేవాళ్లం. నేను అప్పట్లో పాడేరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. సెలవు పెట్టి వెళ్లేవాణ్ణి.

నేను వెళ్లిన మొదటి సాయంత్రం సంగతి ఇది. దారికి అడ్డంగా నీటికాలువ తవ్వి, రాళ్లు పేర్చి, పని అయిందనుకుని చేతులు కడుక్కుంటున్నాను. మార్తమ్మగారు డోలీ తెప్పించారు. పొడవాటి వెదురు బొంగుకు దుప్పటిని ఉయ్యాలలా కట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోసేదే డోలీ. జీపు రాని గూడేలకు అదే అంబులెన్సు.

"మీలో బరువైనోడు ఎవలు?" అని అడిగారు. అందరూ నన్నే చూశారు.

"గుమస్తా బాబూ, పడుకో."

"నాకేం జబ్బు లేదండీ."

"లేకపోతేనే మంచిది. జబ్బున్నోళ్లు మాట్లాడ్నేరు. నువ్వు మాట్లాడగలవు కదా! ఎక్కడ బయమేస్తే అక్కడ 'ఇక్కడ' అని అరువు. సిగ్గుపడి నోరు మూసుకున్నావంటే రేపు మళ్లీ పడుకోబెడతాను."

మోసేవారిలో ఒకడు బొంగు భుజానికెత్తుకుని మూలిగాడు. "నర్సమ్మా, ఈ బాబుకి దారి కాదు, లారీ కావాల."

వెల్లకిలా పడుకుంటే దారి కనిపించదు. ఆకులు, ఆకాశం, మోసేవాడి మెడ మీది చెమట కనిపిస్తాయి. నేను పేర్చిన రాళ్ల దగ్గరే మొదటి కుదుపు వచ్చింది. మలుపులో వెనక మనిషి అంచుకు జరిగినప్పుడు నా వీపు కింద లోయ తప్ప మరేమీ లేదని ఒళ్లంతటికీ తెలిసింది. "ఇక్కడ!" అని అరిచాను. ఆ తర్వాత సిగ్గు వదిలేసి చాలాసార్లు అరిచాను. అరిచిన ప్రతిచోటా ఆమె ఒక మేకు దిగగొట్టి దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టారు. మర్నాడు పని ఆ మేకుల దగ్గరే. దారి బాగుందో లేదో మోసినవారిని ఆమె ఎన్నడూ అడగలేదు. "ఆళ్లకి కాళ్ల కింద నేల కనిపిస్తాది. పడుకున్నోడికి ఏటి కనిపిస్తాది? ఆడినే అడగాల" అనేవారు.

మరో ఏడు డోలీలో పడుకున్న ఒక ముసలాయన చదునైన చోట "ఇక్కడ" అన్నాడు. చర్చి యువకులు నవ్వారు. అక్కడ రాయి లేదు, గొయ్యి లేదు. ఆమె వారి చేతే ఆ చోటంతా వెతికించారు. చివరికి ముఖం దగ్గరగా వాలిన ఒక కొమ్మ దొరికితే నరికించారు. "అదేనో కాదో తెలీదమ్మా" అన్నాడొకడు. "తెలకపోతే ఏటి? ఆయనకి బయమేసింది, సాలు" అన్నారు. ఆ దారిలో మేము మెట్లు కట్టకపోవడానికీ, మలుపులను అంత వెడల్పుగా తవ్వడానికీ కారణం పడుకున్నవారి మాటే. ఎత్తు మెట్టు మీద మోసేవారి అడుగులు కలవవు, డోలీ ఊగుతుంది. ఇరుకు మలుపులో పొడవాటి బొంగు తిరగదు.

పని మొదలయ్యే రోజు గూడెం పెద్ద కొండదేవతకు కోడిని ఇచ్చేవాడు. మార్తమ్మగారు చేతులు కట్టుకుని, అది అయ్యేదాకా నిలబడేవారు. యువకుల్లో ఒకడికి అది నచ్చలేదు. "అమ్మా, మనం ముందు ప్రార్థన చేసుకోవాలి కదా?" అన్నాడు. "ఆళ్ల కొండ, ఆళ్ల దేముడు. మనం పనికొచ్చినోళ్లం. పార అందుకో బేగి" అన్నారు. ఆమె ప్రార్థన తర్వాత వచ్చేది. అందులోనూ దేవుణ్ణి సగం నిలదీసేవారు.

ఒకసారి ఒక అధికారి వచ్చి, దారంతా నడిచి, చాలా బాగుందని మెచ్చుకున్నారు. ఎగువన కూలిన చిన్న వంతెన సంగతి చెబితే, "చూద్దాం" అని జీపెక్కారు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే బడి వరండాలో కూర్చుని ఆయనకు ఉత్తరం రాశాను. నా ఇరవయ్యేళ్ల గుమస్తా భాషలో ఉన్న పదునంతా అందులో పెట్టి, ఆమెకు చదివి వినిపించాను. విని, కాగితం లాక్కున్నారు.

"ఏటి సేత్తన్నావు బాబూ! ఇందులో ఆడి సదువుంది, ఆడి జీపుంది, ఆడి కళ్లజోడుంది. వంతెన ఎక్కడుంది?"

"కోపంలో రాశానండీ."

"కోపం ఉండాల. నాకు లేదేటి? తిట్టు రాత్తే తిట్టుకి జవాబిస్తారు, దారికివ్వరు. ఏ సోట, ఎవలికి, ఏటి జరిగింది, నీకేటి కావాల. అంతే రాయి."

మళ్లీ రాశాను. ఆమె నా కోపాన్ని తగ్గించలేదు. దానికొక వరుస నేర్పారు. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపిన నాకు అంతకుముందు ఎవరూ నేర్పని సంగతి అది. ఇప్పుడీ పేజీలో కూడా నేను కొట్టేసిన వాక్యాలు చాలా ఉన్నాయి. అవి కొట్టేయడం నాకు సులువుగా లేదని మాత్రం చెప్పుకుంటాను.

మార్తమ్మగారు పోయి కొన్నేళ్లయింది. మేము మాత్రం ఒక్క ఏడాదీ మానలేదు.

ఇక ఆగస్టు సంగతి. వానలో, తడిసిన సిమెంటు మెట్ల మీద బుద్రిని దించుతున్నారు. మలుపులో, డోలీలోని మనిషి వేలాడే ఎత్తుకే కడ్డీ ఉంది. డోలీ తిప్పబోతే ఆమె నడుము కడ్డీకి కొట్టుకుంది. బొంగును తలలకంటే పైకెత్తి చూశారు. వెనక మనిషి కాలు జారింది. గత్యంతరం లేక ఆమెను కిందికి దించి, ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని నడిపించారు. నాలుగు మెట్లు దిగిందో లేదో అక్కడే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఆ మెట్ల మీదే, ఆ ఆకుపచ్చ కడ్డీల మధ్య బుద్రి తన బిడ్డను పోగొట్టుకుంది.

నిన్న పారలూ గునపాలూ పట్టుకుని వెళితే గేటు దగ్గర కొండబాబు అడ్డుపడ్డాడు. అతనిప్పుడు అక్కడ కాపలా. ఒకప్పుడు నన్ను మోసి లారీ అడిగింది అతనే.

"దణ్ణం పెడతాను బాబుగారూ, పారలు లోపలికి అట్టుకెల్లకండి. ఆర్డరున్నాది. నా మీదకొచ్చేత్తాది."

"ఈ దారి నువ్వూ తవ్వావు కదయ్యా."

"తవ్వినాను. ఇప్పుడు టికెట్టు సింపుతన్నాను. ఏటి సెయ్యమంటారు?"

మా వెనక నిలబడిన ముత్యాలమ్మ ముందుకొచ్చింది. బుద్రికి తోడికోడలు. ఆమెకిప్పుడు ఏడో నెల. "నాకు నొప్పులొచ్చినప్పుడు ఏటి కొండబాబూ, టికెట్టు తీసి దిగాల? పొట్టలోదానికి సగం టికెట్టా?"

"ఎగతాళి సెయ్యకు వొదినా" అన్నాడు కొండబాబు, నేల చూస్తూ.

అతని మీద నాకు కోపం లేదు. పారలు వద్దన్నారు గాని డోలీని వద్దనలేదు కదా అని అడిగాను. అతను గేటు తీశాడు. పైదాకా ఎక్కి, ఈ వయసులో మళ్లీ డోలీలో పడుకున్నాను. మెట్ల మీద ఊగుతూ దిగి, మలుపులో నా తుంటి ఎముక కడ్డీకి కొట్టుకున్నప్పుడు "ఇక్కడ" అని అరిచాను. సిమెంటులో మేకు దిగదు. లేచి నిలబడి కడ్డీని పట్టుకుని ఊపింది అప్పుడే. మాలో ఇనుపరంపం తెచ్చినవారున్నారు. వద్దని ఆపింది నేనే. కోస్తే కడ్డీ పోయిందని కేసు పెడతారు. బుద్రి బిడ్డ సంగతి ఏ ఫైలులోకీ రాదు.

కాబట్టి ఆ మెట్లు కట్టించి, నాకు జవాబు రాసిన కార్యాలయ అధిపతిని బహిరంగంగా అడుగుతున్నాను. కార్యాలయం పేరు నేను రాయనక్కరలేదు, చదివితే వారికి తెలుస్తుంది. ఆ మలుపులో రోగితో ఉన్న డోలీ తిరుగుతుందని మీరు నమ్ముతున్నారా? నమ్మితే, మీలో ఎవరు పడుకుని పరిశీలించారో తెలపండి. నమ్మకపోతే, కడ్డీలు ఎప్పుడు తీయిస్తారో, మా బృందాన్ని ఎప్పుడు లోపలికి రానిస్తారో తెలపండి. ఈ రెండూ కుదరవంటే, రేపు ముత్యాలమ్మను ఆ మలుపులో కిందికి దించవలసి వస్తే అందుకు బాధ్యత వహించే అధికారి పేరు, హోదా, సంతకంతో సహా పంపండి. "కార్యాలయము" అని రాస్తే దాన్ని జవాబుగా స్వీకరించను. ఒక మనిషి పేరు కావాలి.

జవాబు లిఖితపూర్వకంగా, నవంబరు ముగిసేలోగా నాకు అందాలి. ఆ తర్వాత వాయిదా ఇవ్వడం ముత్యాలమ్మ చేతిలో లేదు.