నల్లా గొట్టానికి కాపడం

మా మామను చలి చంపిందని ఊరంతా అన్నది. నేను అవునని తలూపాను. ఇన్నేండ్లూ తలూపుతూనే ఉన్నాను. ఇక మెడ నొస్తున్నది, అందుకే రాస్తున్నాను.

నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. ఆత్మకూరు నుంచి కృష్ణ వైపు పోయే బాటలో ఒక సర్కారీ బంగ్లా ఉండేది. మా ఇంటాయన దానికి చౌకీదారు. వెనక మిట్ట మీద బావి, బావి పక్కన రాతి హౌజు. ఆ హౌజు నుంచి ఇనుప గొట్టం మిట్ట దిగి, మా వంటింటి గోడ పక్కగా బంగ్లాలోకి పోయేది. చుట్టుపక్కల పది ఊళ్లలో నల్లా అంటే అదొక్కటే.

హౌజు నింపే పని మా మామది. పొద్దున్నే బావిలోంచి చేది పోసేవాడు. నిండగానే రాయితో గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. మా వంటింట్లో ఖంగుమని వినబడేది. అప్పుడు నేను నల్లా విప్పేదాన్ని. ముసలాయన అరిచి చెప్పలేడు. ఏదో జబ్బుతో గొంతు పోయి అప్పటికి మూడేండ్లు. మాట పెగిలితే గుసగుసే.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఇంజినీరు సాబు వచ్చి దిగాడు. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో నౌకరీ చేసి వచ్చిన మనిషి. గొట్టాన్ని చూడగానే మొగం ముడుచుకున్నాడు. చలి ముదిరితే లోపలి నీళ్లు రాయి అవుతాయని, ఆ రాయి ఉబ్బి ఇనుమును చీలుస్తుందని చెప్పాడు. గొట్టం పొడుగునా గడ్డి చుట్టి గోనెలు కట్టాలట. తెల్లవార్లూ నల్లా చుక్కచుక్కగా కారుతుండాలట. ఒకవేళ గడ్డకడితే వేడి బట్టలతో కాపడం పెట్టాలి, లోపల టకటకమంటే గడ్డ విరుగుతున్నట్టు లెక్క. గొట్టం పగిలితే మాత్రం నౌకరీ ఉండదని మా ఇంటాయనను పక్కకు పిలిచి మరీ చెప్పి పోయాడు.

నీళ్లు రాయి కావడమేమిటో మాలో ఎవరికీ తెలియదు. మా దిక్కు చలి ఎంతటిది, శివరాత్రికి శివశివా అంటూ పోయే చలి. కానీ సాబు చెప్పాక కాదనేదెవరు? మామ ఒక్కడే నవ్వాడు.

"నీళ్లు రాయైతే ఇగ తాగుడు బందు బిడ్డా, కొరుకుడే," అన్నాడు.

ముగ్గురం కలిసి రెండు రోజులు గడ్డి చుట్టాం. చుట్టినాక చూస్తే మిట్ట దిగి వచ్చి మా గోడ పక్కన పడుకున్న పొడుగాటి పీనుగలా ఉంది, పాడె మీద కట్టినట్టు మూరకొక ముడి. నేను అటు చూడకుండా పోయేదాన్ని. మామ కొట్టే దెబ్బలు కూడా ఆ గడ్డిలో పూడిపోయి, ఎక్కడో ఎవరో దగ్గినట్టు వచ్చేవి.

చుక్కలు కారీ కారీ తెల్లారేసరికి హౌజు అడుగంటేది. అందుకని మామ చీకటితోనే లేచి మిట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

"జర ఎలుగు రానియ్యి మామా," అనేదాన్ని.

"నల్లా ఎండితె వాని నౌకరి ఎండుతది బిడ్డా," అనేవాడు.

పుష్యమాసంలో ఒక పొద్దున నేను లేచేసరికి చుక్క చప్పుడు లేదు. అన్ని రోజులు తిట్టుకున్న చప్పుడే, ఆగిపోతే నల్లా దగ్గరికి ఉరికాను. నల్లా తిప్పాను, రాలేదు.

"గడ్డకట్టినట్టున్నది," అన్నాను.

"పాయె. నౌకరి పాయె," అంటూ మా ఇంటాయన గొట్టం ముందు కూలబడ్డాడు.

హౌజులో నీళ్లు అయిపోయి ఉంటాయన్న చిన్న ముక్క ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మామ ఎప్పుడో మిట్ట ఎక్కాడు, నింపే ఉంటాడనుకున్నాం. గోడ పక్కన గడ్డి అంతా విప్పి, కాగులో మిగిలిన నీళ్లు మరగబెట్టి, బట్టలు ముంచి పిండి, ఆ ఇనుముకు కాపడం పెట్టాం. బాలింతకు కూడా నేనంత శ్రద్ధగా పెట్టలేదు.

కాసేపటికి లోపల టక్ మన్నది. ఆగి, మళ్లీ టక్. మా ఇంటాయన నన్ను చూసి నవ్వాడు.

"ఇరుగుతాంది. గడ్డ ఇరుగుతాంది," అన్నాడు.

టక్, టక్, టక్. ఆగింది. టక్, టక్, టక్.

నా అరచేయి కింద ఇనుము అదురుతున్నది. నేను లెక్కపెట్టాను. మూడు. మూడు కొడితే నీళ్లు రావాలి, నీళ్లు లేవు. మా ఇంటాయనతో చెప్పబోయి మింగేశాను. నౌకరీ దక్కిందని అంత సంతోషంగా ఉన్నాడు మనిషి. నాకు భయం కూడా వేసింది, కట్టేసిన పీనుగు లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు. ఇంకో బట్ట ముంచాను.

కాసేపటికి దెబ్బలు రెండయ్యాయి. తర్వాత ఒకటి. తర్వాత లేదు.

ఎండ గోడ మీదికి వచ్చాక మిట్ట ఎక్కాం. హౌజు ఎండి ఉంది. మామ దాని పక్కన, గొట్టం మొదట్లో పడి ఉన్నాడు. తడి బండ మీద జారి తుంటి విరిగింది. బొక్కెన నీళ్లన్నీ ఒంటి మీద పడి పంచె ఒంటికి అంటుకుపోయింది. చేతిలోని రాయిని విడిపించడానికి మా ఇంటాయనకు రెండు చేతులూ పట్టాయి.

దవాఖాన దూరం. మా ఇంటాయన బండి కోసం పోయినప్పుడు మామ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"కొట్టిన బిడ్డా," అన్నాడు గుసగుసగా. "శానా సేపు కొట్టిన. ఇనబడలేదా?"

"గడ్డి చుట్టినం గద మామా. ఇనబడలే," అన్నాను.

"అయితె గడ్డి మంచిగనే చుట్టినం," అన్నాడు. నన్ను నమ్మాడు. బండి వచ్చేసరికి ప్రాణం లేదు.